కాక కాలు పెట్టని చౌరస్తా

మా పక్కింటి కాక మొన్న ఆదివారం పొద్దున పోయాడు. చర్చికి బయలుదేరి, చెప్పులేసుకుంటూ అరుగు మీదే ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. మున్సిపాలిటీ వాళ్లను తప్ప జీవితంలో ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి.

బొగ్గుబాయిలో అన్నేళ్లు దిగి, ఒంటి మీద గీత పడకుండా రిటైరైనవాడు కాక. అలాంటివాడి ఇంటికి చావు బాయిలోంచి రాలేదు, గోదావరిఖని నడిబొడ్డున చౌరస్తాలోంచి వచ్చింది. కూరగాయలకని పోయిన ఆయన భార్యను, మా చిన్నమ్మను, రోడ్డు దాటుతుండగా లారీ గుద్దేసింది. ఆ రోజు నుంచి కాక చౌరస్తాలో కాలు పెట్టలేదు. బజారుకు పోవాలన్నా సందుల్లోంచి చుట్టూ తిరిగి పోయేవాడు.

అలాగని ఊరుకున్నాడా? చౌరస్తాను బాగుచేస్తారని తెలిసి మున్సిపాలిటీ పెట్టిన ప్రతి మీటింగుకూ పోయాడు. మధ్యలో ఏం నిలబెట్టాలి, ఎన్ని రంగుల లైట్లు పెట్టాలి అని అందరూ వాదులాడుకుంటుంటే కాక లేచాడు.

"బాయిల బొగ్గు మోసే టబ్బులు పోయే తొవ్వ వేరె, మనిషి నడిచే తొవ్వ వేరె ఉంటది సారూ. భూమి లోపల ఉన్న గాపాటి న్యాయం పైన లేకపాయె. గదొక్కటి చెయ్యుండ్రి."

బండ్లు రాకపోతే గిరాకీ పోతుందని ఒక దుకాణపాయన గొణిగితే, "బండి బేరం చేస్తదా బిడ్డా? దిగి నడిచొచ్చినోడే గదా కొనేది" అన్నాడు. దుకాణపాయనతో సహా అందరూ నవ్వారు.

ముసలాయనకు పనిలేదన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లే ఇప్పుడు మనవలను వెంటేసుకుని అక్కడ షికారు చేస్తున్నారు! చివరికి బండ్లను పక్కకు మళ్లించారు. నడుమంతా రాళ్లు పరిచి, బల్లలు వేసి, బండి దూరకుండా ఇనుప గుంజలు పాతారు. మా అమ్మ ఈరోజు ఒంటరిగా బజారుకు పోయి వస్తోందంటే అది కాక పెట్టిన భిక్షే.

తెరిచిన రోజు నేనే ఆయన చేయి పట్టుకుని తీసుకుపోయాను. గుంజల దాకా వచ్చి ఆగిపోయాడు.

"నువ్వు నడువు బిడ్డా. నాకు కాళ్లు వస్తలేవు. మీ చిన్నమ్మ గక్కడ్నే పడ్డది."

పిల్లలు పరుగెత్తుతుంటే కాసేపు చూసి, వచ్చిన సందులోంచే ఇంటికి మళ్లాడు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా "వస్త తియ్" అనేవాడు. రాలేదు.

సమాధుల తోటకు తీసుకుపోతుంటే, పెట్టె ఉన్న వ్యాను ఆ చౌరస్తా దగ్గర ఆగింది. చుట్టూ తిరిగి పోదామన్నాడు డ్రైవరు. కాక కొడుకు ఒప్పుకోలేదు. "మా బాపు చుట్టు తిరిగింది సాలు" అన్నాడు.

పెట్టెను భుజాలకెత్తుకుని గుంజల నడుమ నుంచి చౌరస్తాలోకి నడిచాం. ఒక్క హారన్ లేదు. వెనక నుంచి తొందరపెట్టేవాళ్లు లేరు. మా అడుగుల చప్పుడు మాకే వినిపిస్తోంది. ఎంత మెల్లగా నడిచినా అవతలి పక్క వచ్చేసింది.