లైను చివర బాబాయ్

మా ఆఫీసులో ఏదైనా పనిచేయకపోతే అందరికీ అనుమానం వచ్చేది. బాబాయ్‌కి మాత్రం పనిచేస్తే వచ్చేది. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, కంపెనీ పెట్టిన భిక్ష.

ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే ఆయన, నేను చేరకముందు మా టీముకి పెద్ద. మేం చేసే సాఫ్ట్‌వేర్ బస్సుల్లో సీట్లు అమ్ముతుంది. ఒకరోజు అది ఒకే సీటును అడిగినవాళ్లందరికీ అమ్మేసింది. తప్పెవరిదని మేనేజరు ఆరా తీశాడు. అందుకు మా పనిలో ఒక ఆజ్ఞ ఉంది. కోడ్‌లో ఏ లైనునైనా చివరిసారి ముట్టుకున్నది ఎవరో పేరుతో సహా చెప్పేస్తుంది. దాన్ని బ్లేమ్ అంటారు, అంటే నింద. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ దాపరికం లేని మనిషి. నిజానికి ఆ లైను రాసింది వేరే ఆయన. వంకరగా ఉందని బాబాయ్ అందులో ఒక ఖాళీ, అంటే స్పేస్, కొట్టి సర్దాడు, అంతే. ఖాళీ కొట్టినా ముట్టుకున్నట్టే లెక్క. ఆజ్ఞ బాబాయ్ పేరు చెప్పింది. రాసినాయన నోరు మెదపలేదు. ఆ మౌనానికి మెచ్చి ఆయనకు ప్రమోషన్ ఇచ్చారు. బాబాయ్‌కి ప్రింటరు పక్కన కుర్చీ ఇచ్చారు.

అప్పటినుంచి బాబాయ్ దేన్నీ నమ్మడం మానేశాడు.

నేను చేరిన మొదటివారం ఒక చిన్న పేజీ తయారుచేసి, పొంగిపోతూ ఆయన దగ్గరికి వెళ్లాను.

"బాబాయ్, పనిచేస్తోంది."

"ఎందుకు?"

"ఎందుకేమిటి బాబాయ్, రాశాను కాబట్టి."

"రాస్తే పనిచేస్తుందని నీకెవరు చెప్పారు?"

నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఏదీ ఎవరూ చెప్పలేదు. డిగ్రీ లేకుండా పాత పుస్తకాల దుకాణాల్లో దొరికినవి చదివి ఈ పని నేర్చుకున్నవాణ్ణి. ఆఫీసులో అలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లు తప్పు చేస్తే పొరపాటు, నేను చేస్తే చదువు లేకపోవడం. ప్రొబేషన్ పూర్తయ్యేదాకా ఒక్క తప్పు దొరికినా బయటికి పంపేస్తామని చేరిన రోజే నవ్వుతూ చెప్పారు. కాబట్టి నేనూ అందరినీ అనుమానంగానే చూసేవాణ్ణి. ముఖ్యంగా బాబాయ్‌ని.

ఆయన అనుమానాల్లో పెద్దపీట ఫ్రేమ్‌వర్క్‌ది. తెలియనివాళ్లకు చెబుతాను. ఫ్రేమ్‌వర్క్ అంటే ఎవరో సగం కట్టి ఇచ్చిన ఇల్లు. గోడలు వాళ్లవి, తలుపులు మనవి. హాయిగా ఉంటుంది. ఒక పొద్దున వాళ్లు మనకు చెప్పకుండా గోడ జరుపుతారు. మన తలుపు తెరిస్తే ఇటుకలు కనిపిస్తాయి. ఇదేమిటని అడిగితే, గోడ జరిపిన సంగతి ప్రకటించాం, మీరే చదవలేదంటారు. చదవబోతే ఆ పుస్తకం పాత గోడ గురించి ఉంటుంది.

బాబాయ్ దానితో మనిషితో పోట్లాడినట్టే పోట్లాడేవాడు. తెర మీద 'ఏదో పొరపాటు జరిగింది' అని వస్తే కుర్చీ ముందుకు లాక్కునేవాడు.

"ఏదో అంటే? జరిగిందని తెలిసినవాడికి ఏం జరిగిందో తెలియదా? దాస్తున్నావు."

"బాబాయ్, అది యంత్రం."

"మనిషైతే ఈపాటికి ఒప్పుకునేవాడు."

ఎవరైనా 'నా కంప్యూటర్లో బాగానే ఉంది' అంటే ఇంకా మండేది. "అయితే బస్సులన్నీ నీ కంప్యూటర్లోనే నడుపు" అనేవాడు.

ఇక టోపీల సంగతి. ఫ్రేమ్‌వర్క్‌లో ఏ ముక్క ఎన్నో వెర్షన్ వాడుతున్నామో ఒకచోట అంకె వేసి రాసుకుంటాం. ఆ అంకె ముందు టోపీలాంటి చిన్న గుర్తు ఒకటి పడుతుంది. దానర్థం, కొత్త వెర్షన్ వస్తే మమ్మల్ని అడక్కుండా తెచ్చేసుకో అని. మనం పెట్టకపోయినా తనంతట తానే పడుతుంది.

"చూశావా, పేరుకు తగ్గట్టే మనకు టోపీ పెడుతోంది" అనేవాడు బాబాయ్. రోజూ ఆఫీసుకు రాగానే అందరినీ పలకరించే మాట అదే. "టోపీ తీశావా?" కొత్తగా చేరినవాళ్లు తల తడుముకునేవాళ్లు.

ఇంట్లోనూ ఇదే గోల. ఒకసారి ఆయన భార్య, అంటే మా అందరికీ పిన్ని, ఆఫీసుకు వచ్చినప్పుడు తన గోడు చెప్పుకుంది.

"నిన్న కూర బాగుందన్నారయ్యా. ఇన్నేళ్లకు అన్నారు కదా అని మురిసిపోయాను. వెంటనే 'ఏం మార్చావు?' అన్నారు. ఏమీ మార్చలేదన్నాను. 'ఏమీ మార్చకపోతే బాగెందుకుంది?' అన్నారు."

"మరి నువ్వేం చేశావు పిన్నీ?"

"ఈపూట భోజనం డబ్బా తెరవనీ, తెలుస్తుంది."

తెరిచాడు. ఖాళీగా ఉంది. బాబాయ్ మూత పెట్టేసి, "ఇది నమ్మొచ్చు" అన్నాడు.

ఇవన్నీ నవ్వుకోడానికి బాగుండేవి. నవ్వురానిది ఒకటి ఉంది. నేను రాసిన ప్రతి లైను చివరా బాబాయ్ ఒక ఖాళీ కొట్టేవాడు. కంటికి కనిపించదు. లైను అర్థం మారదు. కానీ బ్లేమ్ నడిపితే నా లైన్ల పక్కన ఆయన పేరు వచ్చేది. కళ్లు ఎర్రబడేలా కూర్చుని నేను రాస్తే పేరు ఆయనదా? ఏడాది చివర మంచి లైన్లన్నీ చూపించి పాత కుర్చీ సంపాదించుకుంటాడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. పైగా ఈసారి ఏ తప్పూ దొరక్కపోతే ఆయన్ని ప్రింటరు దగ్గర్నుంచి కిటికీ పక్కకు మారుస్తామని మేనేజరు మాటిచ్చాడు కూడా. బాబాయ్ అప్పటికే రెండుసార్లు వెళ్లి ఆ కిటికీ తెరిచి, మూసి చూసుకున్నాడు.

"కిటికీ ఎందుకిస్తున్నారంటావు?" అని నన్నడిగాడు. "ఎండ సరిగ్గా అక్కడే పడుతుందేమో."

ఉండబట్టలేక ఆ రోజే అడిగేశాను.

"నా లైన్లలో ఖాళీలెందుకు కొడుతున్నావు బాబాయ్?"

"చూడ్డానికి తీరుగా ఉంటుందని."

"లైను చివర ఖాళీ కనపడదు కదా. ఏం తీరు?"

"కనపడనివాటితోనేరా జాగ్రత్తగా ఉండాలి" అని ప్రింటరు వైపు తిరిగి, పట్టేసిన కాగితం లాగడం మొదలుపెట్టాడు.

మా టెస్టర్ అక్కతో మొరపెట్టుకున్నాను. మేం రాసినవాటిలో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నేను రాసే టెస్టుల లైన్లకీ కొట్టేవాడు. నేను పర్మనెంటు అయ్యాక మానేశాడు. ఎందుకో నువ్వే ఆలోచించుకో, పుస్తకాలు చదువుతావుగా."

ఆలోచించాను. కొత్తవాళ్లైతే ఎదురు తిరగరని అలా చేస్తున్నాడని తేల్చుకున్నాను. పుస్తకాలు చదివితే వచ్చే తెలివి అలాగే ఉంటుంది.

సెలవులు మొదలయ్యే రోజు పొద్దున బస్సుల యజమాని ఫోన్ చేశాడు. బస్టాండులో ఒక పెద్దమనిషి డ్రైవరు సీట్లో కూర్చుని లేవనంటున్నాడట. ఒకటో నంబరు టికెట్ చూపించి, మీ ఫోన్‌లోనే చూసుకోండి, ఈ సీటు నాదేనంటున్నాడట. నిజమే, ఫోన్‌లో సీట్ల బొమ్మ అలాగే చూపిస్తోంది. పాపం డ్రైవరు దగ్గర టికెట్ లేదు.

మా లెక్కలో సున్నా నంబరు సీటు డ్రైవరుది. ప్రయాణికుల సీట్లు ఒకటి నుంచి మొదలు. రాత్రికి రాత్రి ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్ తెచ్చుకుంది. అది సున్నా నుంచి కాక ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అన్ని బస్సుల్లోనూ అందరూ ఒక సీటు ముందుకు జరిగారు. టోపీ నేను తీశాను. బాబాయ్ అడిగినప్పుడు తీశానని చెప్పాను కూడా. వేరే ముక్కేదో జోడించినప్పుడు అది మళ్లీ పెట్టుకుంది. కానీ సీట్లు లెక్కపెట్టే లైను రాసింది నేను. ప్రొబేషన్ ఆ నెలాఖరుకు పూర్తవుతుంది.

మేనేజరు అందరినీ గదిలో కూర్చోబెట్టి, ఆ లైను గోడ మీద పెద్దగా కనపడేలా వేశాడు. కారణం ఏమిటని అడగలేదు. ఆయనకు కారణాలతో పనిలేదు, పేరుతోనే పని. బ్లేమ్ నడిపాడు. ఇల్లు ఖాళీ చేసి పుస్తకాలు ఎక్కడ సర్దాలా అని కూడా ఆలోచించేశాను.

గోడ మీద బాబాయ్ పేరు వచ్చింది.

"మళ్లీ నువ్వేనా?" అన్నాడు మేనేజరు.

నేను లేవబోయాను. "సార్, ఆ లైను..." బల్ల కింద నా కాలి మీద చెప్పు పడింది. గట్టిగా, తీసే ఉద్దేశం లేనట్టుగా.

"నాదే సార్" అన్నాడు బాబాయ్. "చివర ఖాళీ ఉంది చూడండి, అది నా చేతి అలవాటు. కొత్త వెర్షన్ సంగతి చూసుకోలేదు. పాత వెర్షన్ పెట్టేస్తే ఇప్పుడే సర్దుకుంటుంది. ముందు ఆ డ్రైవరుకి సీటు ఇప్పించండి."

మేనేజరుకి ఏం చేయాలో తోచలేదు. తీసేద్దామంటే పాత కోడ్ ఇంకెవరికీ అర్థం కాదు. ఇంకా దూరం పంపుదామంటే ప్రింటరు తర్వాత గోడే ఉంది.

"కిటికీ మర్చిపో" అన్నాడు చివరికి.

"నేను ముందే అనుకున్నాను సార్, అది రాదని" అన్నాడు బాబాయ్, తన అనుమానం నిజమైన తృప్తితో.

బయటికొచ్చాక ప్రింటరు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

"ఎందుకు చేశావు బాబాయ్?"

"ఏం చేశాను?"

"నన్ను కాపాడావు."

"నేనెవర్నీ కాపాడలేదు. నీ లైను మీద నాకు అనుమానం వచ్చింది, అది నిజమైంది. అంతే." కాసేపు కాగితాలు సర్దాడు. "చూడు, నన్ను ఈ కుర్చీలోంచి ఇంకెక్కడికీ దించలేరు. నిన్ను దించడానికి వేరే కుర్చీ లేదు, నేరుగా గుమ్మమే. అలాంటప్పుడు పేరు ఎవరిది రావాలి?"

ఆయన మీద పడిన నీలాపనిందకు మూలం ఒక్క ఖాళీ. వేరేవాడైతే ఆ తర్వాత ఎవరి లైనూ ముట్టుకునేవాడు కాదు. ఈయన ఆ ఒక్క ఖాళీని పట్టుకుని కొత్తగా చేరిన ప్రతివాడి ముందూ అడ్డంగా నిలబడ్డాడు. మళ్లీ అది దయ అంటే ఒప్పుకోడు. దయ మీద కూడా అనుమానమే.

నెలాఖరుకు నన్ను పర్మనెంటు చేశారు. మర్నాటినుంచి నా లైన్ల చివర ఖాళీలు ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే అవి లేకపోతే లైన్లు బోసిగా అనిపించాయి.

తర్వాత నేను వేరే కంపెనీకి మారాను. మొన్నామధ్య బస్టాండులో బాబాయ్ కనిపించాడు. రిటైరయ్యాడట. బస్సు పక్కనే నిలబడి, కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తున్నాడు.

"ఎక్కవేం బాబాయ్?"

"సరిగ్గా టైముకొచ్చిందిరా. ఎందుకొచ్చిందో తెలియట్లేదు."

డ్రైవరు తన సీట్లో తను కూర్చున్నాక గానీ కాలు మెట్టు మీద పెట్టలేదు. నేను చెప్పాలనుకున్నది ఆ తొందరలోనే చెప్పేశాను. ఇప్పుడు నా కిందా కొత్తవాళ్లున్నారని, వాళ్ల లైన్ల చివర నేనూ ఖాళీలు కొడుతున్నానని. అయితే చిక్కొచ్చిపడిందని. లైను చివర ఖాళీ కనపడితే తనంతట తానే చెరిపేసే యంత్రమొకటి పెట్టారని, ఎన్ని కొట్టినా నిలవడం లేదని.

బాబాయ్ మెట్టు మీదే ఆగి అనుమానంగా నావైపు చూశాడు. తర్వాత ఆయన ముఖం నెమ్మదిగా విచ్చుకుంది.

"అది చెరిపితే ముట్టుకున్నట్టేగా. లైను పక్కన దాని పేరే వస్తుంది. కొడుతూనే ఉండరా, ఇకనుంచి దాన్నే తిట్లు తిననీ."