డాక్టరు గారు ఎదురుచూసిన టీకా

ఈ అరబ్బు దేశంలోని మా డెయిరీ ఫారం పశువుల డాక్టరు గారు పోయిన మంగళవారం సల్మానియా ఆసుపత్రిలో కన్నుమూశారు. గుండెపోటు. ఆ కబురు తెచ్చిన డ్రైవరు మీద, అబద్ధాలాడుతున్నావని అరిచేశాను. ముందురోజు సాయంత్రమే ఆయన నాతో టీ తాగి రిఫా పట్నంలోని తన ఇంటికి వెళ్ళారు.

ఆయనది కాకినాడ వైపు, నాది జగిత్యాల. పశువుల్ని పట్టుకోవడం, సూదులు అందించడం నా పని. మా క్యాంపు గదికి టీకి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే బూట్లు మందునీళ్ళలో ముంచి రుద్దేవారు.

"అల్లుడొచ్చినట్టు కాళ్లకు నీళ్లియ్యాల్నా సార్?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"ఇవ్వవయ్యా. అల్లుడు తెచ్చేది పళ్ళు, నేను తెచ్చేది రోగం" అనేవారు.

శుక్రవారం సెలవునాడు పక్క ఫారంలోని మా ఊరివాళ్ళను చూసి వస్తే మా చెప్పులు కూడా కడిగించేవారు. ఈయనకు మా చెప్పులతో ఏం పనని గొణుక్కునేవాళ్ళం.

ఈ చలికాలం గాలికుంటు వచ్చింది. టీకా వేసిన ఆవులే చొంగ కార్చుకుంటూ, గిట్టలు పుండ్లై, లేవలేక పడిపోయాయి. దూడలైతే పాలు తాగుతూ తాగుతూనే కూలిపోయేవి. టీకాలు ఎండలో పెట్టి పాడుచేశావని, ఊరికి పంపించేస్తానని, మాకు వీసాలిచ్చి తెచ్చుకున్న యజమాని కఫీల్ అందరి ముందూ ఆయన్ని తిట్టాడు. ఆయన ఆవు నాలుక మీది పొక్కు తోలు కత్తిరించి, సీసాలో పెట్టి విదేశీ ల్యాబుకు పంపారు. జవాబు వచ్చేదాకా ఆయనకు అన్నం సయించలేదు.

"టీకా మంచిదైతే రోగం ఎట్లొచ్చింది సార్?" అని అడిగాను.

"ఫలానా చొక్కా వాణ్ణి ఆపమని గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పామనుకో. చొక్కా మార్చుకొస్తే వదిలేస్తాడుగా? వైరస్ తన జన్యువుల్ని కాపీ చేసుకునేటప్పుడు తప్పులు చేస్తూనే ఉంటుందయ్యా. లోపల పనిచేసే భాగాల్లో తప్పు పడితే చాలావరకు అక్కడే చస్తుంది. దాని చొక్కాలాంటి పైతొడుగులో పడిన తప్పు మాత్రం ఒక్కోసారి దాన్ని కాపాడేస్తుంది. మన టీకా పాత తొడుగు ఉన్నవాటిని ఏరేసింది. అది గుర్తుపట్టలేనివి మిగిలాయి. ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే."

"అయితే గా వైరస్ మనకన్న హుషారే."

"హుషారు కాదయ్యా, దానికేమీ తెలీదు. ఏమీ తెలీకుండానే మన దూడల్ని తినేస్తోంది" అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

ల్యాబు జవాబు వచ్చింది. తొడుగు తయారుచేసే జన్యువే మారిందట. టీకా పాడైనందువల్ల కాదట. కఫీల్ "ఖలాస్" అని ఊరుకున్నాడు తప్ప ఒక్క మంచి మాట అనలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. డాక్టరు గారికి మాత్రం అదేమీ పట్టలేదు. కొత్త తొడుగుకు సరిపోయే టీకాకు ఆర్డరు పెట్టించి, రోజూ ఒకటే మాట: "అదొస్తే మిగిలిన దూడలైనా దక్కుతాయి." ఆయనే మాకు దక్కలేదు.

నిన్న ఆయన్ని ఇంటికి పంపడానికి విమానాశ్రయం కార్గో షెడ్డుకు వెళ్ళాం. ఇవాళ టీకా దిగిందని అదే షెడ్డు నుంచి ఫోను. వెళితే, డాక్టరు గారు రాలేదేమని అక్కడి మనిషి మామూలుగా అడిగాడు, "డాక్టర్ సాబ్ నహీ ఆయే, భాయ్?"

కాగితం మీద సంతకం పెట్టి పెట్టె అందుకున్నాను. పెట్టె మీద ఆయన పేరుంది. ఫారానికి తెచ్చి మూత తీశాను. లోపల ఐసు ఇంకా కరగలేదు.