గడప బయట నిలబడిన అమీనా సారు

మా అమీనా సారు పోయారని మంగళవారం పొద్దున ఆయన కూతురు జిగణి నుంచి ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు నానిన అనపగింజలు పితుకుతూ ఉన్నాను. "సరేమ్మా, వస్తాను" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి గిన్నెలో మిగిలిన గింజలన్నీ పితికాను. ఏడుపు రాలేదు. ఇది రాసేవేళకు కూడా రాలేదు. వస్తుందని ఎదురుచూడడం మానేశాను.

అమీనా అంటే ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. కోర్టు సమన్లూ నోటీసులూ ఇంటింటికీ తిరిగి అందించే ఉద్యోగి. పోస్టుమాన్‌కు మజ్జిగ ఇచ్చే ఇల్లాలే అమీనాను చూస్తే కుక్కను వదిలేది. ఆనేకల్‌లో ఒక మగ్గాలాయన కుక్క మా సారును మూడుసార్లు తరిమి, నాలుగోసారి తోక ఊపిందట. "యజమాని దొరకలా, కుక్కకే నా మీద జాలి కలిగిందప్పా" అనేవారు. కుక్కల గురించి ఆయన దగ్గర ఇంకో పది కథలున్నాయి. ఇప్పుడు వద్దు.

నాకాయన పరిచయమైందీ ఒక సమనుతోనే. నాకూ మా దాయాదికీ గోడ తగాదా. మధ్యాహ్నం సంగటి తింటుంటే గడప బయట ఎవరో గొంతు సవరించుకున్నారు.

"కోర్టు నుంచి వచ్చినాను. తినండి, తొందర్లేదు."

"లోపలికి రా సామీ."

"వద్దప్పా. అన్నం ముందర కాగితం పెట్టగూడదు."

ఎండలో అరుగు మీద కూర్చున్నారు. నేను కావాలనే ఇంకో ముద్ద పెట్టించుకుని నెమ్మదిగా తిన్నాను. ఆయన కదల్లేదు. నేను చేయి కడుక్కుని వచ్చాక కోర్టు భాషలో ఉన్న కాగితమంతా మా తెలుగులోకి దించి చదివారు. గడువెంతో, ఎక్కడికి పోయి ఏం చెప్పుకోవచ్చో రెండుసార్లు చెప్పి, అప్పుడు సంతకం పెట్టమన్నారు. ఇంత చెప్పే పని మీకేముందని అడిగాను.

"గడప దాటే ముందు సర్కారు నోరు తెరవాలప్పా. నోరు తెరవకుండా లోపలికొచ్చేవాడు దొంగ ఒక్కడే."

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి పెద్దవాణ్ణయిన మనిషిని. రాజ్యం హద్దుల గురించి ఆ తర్వాత లావు లావు పుస్తకాలు కొన్ని చదివాను. ఆ అరుగు మీద విన్న దానికంటే ఎక్కువేమీ వాటిలో దొరకలేదు.

రిటైరయ్యాక ఆయన వర్తూరు వైపు మా వీధిలోనే, చెరువు దగ్గర మలుపులో, ఇల్లు కొనుక్కున్నారు. మొన్నమొన్నటి సంగతి, ఒక ఉదయం ఏడింటికి జేసీబీ వచ్చి మా ఇంటి ముందు ఆగింది. మేము చెరువు స్థలం ఆక్రమించామట. జాబితాలో ఆరిళ్ళు, మొదటిది మాది. సారు ఇల్లు అందులో లేదు. మా తలుపు మీద ఒక నోటీసు అంటించి ఉంది, ఎనిమిది రోజుల కిందటి తారీఖుతో. ఆ ఎనిమిది రోజులూ ఆ తలుపు తీసిందీ మూసిందీ నేనే, దాని మీద ఏ కాగితమూ చూడలేదు. అయినా ముద్ర చూడగానే నా కళ్ళ మీదే నాకు అనుమానం వచ్చింది. నా భార్య పొయ్యి మీది పాలగిన్నె పట్టుకుని వీధిలో నిలబడింది.

సారు లుంగీ మీదే వచ్చారు. నోటీసు మూలను బొటనవేలితో నొక్కి, ఆ వేలు అధికారికి చూపించారు.

"ఎనిమిది దినాల కిందట అంటించినారు గదా సారూ, గంజి ఇంకా తడిగా ఉండాదే?"

"రాత్రి వాన పడింది."

"వానకు అక్షరాలు కారలా, గంజి ఒక్కటే తడిసిందా?"

"నువ్వెవరు? నీ ఇల్లు లిస్టులో లేదు కదా, నీకెందుకు?"

"నా సర్వీసంతా ఈ గంజే పూసినాను సారూ. మళ్ళీ నోటీసియ్యండి, గడువియ్యండి, అందరి ముందరా కొలవండి. ఆమీద కొట్టుకోండి."

రెండు గంటలు ఫోన్ల మీద ఫోన్లు నడిచాయి. చివరకు జేసీబీ వెనక్కి తిరిగింది. వీధంతా చప్పట్లు కొట్టింది. సారు మాత్రం నవ్వలేదు. "కొలత రానీప్పా" అన్నారు.

కొలత వచ్చింది. సర్వేయరు పాత పటం పట్టుకుని రాళ్ళు పాతాడు. మా ఆరిళ్ళూ చెరువు హద్దుకు బయటే ఉన్నాయి. మలుపులోని సారు ఇల్లు మొత్తం హద్దు లోపల ఉంది.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసప్పా. ఊరందరి కాగితాలూ చదివినోడు, కొనేటప్పుడు తన కాగితం చదవలా. కొన్నాక పటం చూసినాను. అదీ నా తెలివి."

"ఆ పొద్దు ఊరకుండుంటే మీ ఇల్లు మిగిలేది కదా?"

"నీ వంటిల్లు పోయుండేది. నీకాడ నోరు తెరవని సర్కారు నాకాడ తెరుస్తాదని యాడ నమ్మేది?"

ఆయన నోటీసు పద్ధతి ప్రకారమే వచ్చింది. తెచ్చిన ఉద్యోగి అంటించబోతే ఆపి, పైకి చదవమన్నారు. వాడు తడబడుతూ చదివాడు. సారు వేలు పెట్టి ఒక మాట దిద్దారు. సంతకం చేశారు.

స్టే తెచ్చుకోమని బతిమాలాను. వకీలు దగ్గరికి నేనే వస్తానన్నాను.

"వాళ్ళు అడగాల్సినట్టు అడిగినారు. ఇంక నేను దారియ్యాల" అన్నారు. గడువింకా ఒక రోజుండగానే కూతురింటికి వెళ్ళిపోయారు. బిందెలు నేనే ఆటోలో పెట్టాను.

జిగణిలో ఫ్యాక్టరీల మధ్య మేడమీద ఒక గది. ఆయన ఉండగా నేను రెండుసార్లే వెళ్ళాను. ఆయన పోగొట్టుకున్న దానిలో నేను కాపురముంటున్నానని ఆ గదిలో కూర్చుంటే అనిపించేది. ఆయన మాత్రం మా ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగేవారు. మంగళవారం మూడోసారి వెళ్ళాను. కాళ్ళకు దండం పెట్టాను. నాకేమీ తోచలేదు. ఎవరో కాఫీ ఇస్తే తాగాను.

తిరిగొచ్చాక ఇంటికి పోకుండా మలుపు దాకా నడిచాను. సారు ఇల్లు కూల్చి గోడల రాళ్ళన్నీ ఎత్తుకుపోయారు కానీ ఎర్ర గచ్చు మాత్రం అలాగే ఉంది. మొన్నటి వానలకు చెరువు దాని మీదికి వచ్చింది, చీలమండల లోతు ఉంటుంది. గాలి కదిలినప్పుడల్లా నీళ్ళ కింద ఎరుపు కదులుతోంది. వంటగది ఉండిన మూలలో చిన్న చేపలు తిరుగుతున్నాయి.