పావు కంటే పిసరెక్కువ

"ఈయన నా వ్యాసం మీద సంతకం పెట్టేలోపు మా పాపకి పళ్లొచ్చి, ఊడి, మళ్లీ వస్తాయేమో."

ఆమె ఈ మాట అనేనాటికి పాపకింకా ఏడో నెల. ఆమె పరిశోధన వ్యాసం ల్యాబ్ పెద్ద అయిన మాస్టారి బల్ల మీద చేరి అయిదో వారం. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఆ వ్యాసం వాళ్ల ముందుకు వెళ్తే ల్యాబ్‌లో ఆమె ఉద్యోగం ఇంకో మూడేళ్లు. వెళ్లకపోతే ఈ నెలాఖరుకి సరి.

మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే: అనుమానం. లిఫ్టులో మూడు నొక్కి, దిగాక గోడ మీద మూడని రాసుందో లేదో చూసిగానీ అడుగు వెయ్యరు. బీపీ బాగుందని డాక్టరు చెబితే, "ఏదీ, మీది ఒకసారి కొలవండి" అంటారు. ఆయన భార్య ల్యాబ్‌కి ఫ్లాస్కులో టీ తెచ్చినప్పుడల్లా, దాంతోపాటు ఓ ఫిర్యాదు కూడా తెస్తుంది.

"పెళ్లికి సరేనంటే ఈయనేమన్నారో తెలుసా? ఒక్క కొలత లెక్కలోకి రాదు, వారం ఆగి మళ్లీ అడుగుతానన్నారు."

"అడిగారా ఆంటీ?"

"అడక్కేం. సరేనన్నాను. మూడో వారం కూడా వచ్చారు. నాలుగోసారి వస్తే కాదంటానన్నాను. అప్పుడు నమ్మారు."

ముప్పయ్యేళ్లలో మాస్టారు అచ్చు వేసినవి పదకొండు వ్యాసాలు. పక్క ల్యాబ్ వాళ్లు ఏడాదికి అన్ని రాసి పారేస్తారు. కానీ సన్నటి దారుల్లో వెలుగుని నడిపించాలనుకునేవాళ్లు, ఏ మూలనున్నా, ముందు ఆ పదకొండూ తెరవాల్సిందే. ఆయన అంకెల్ని లోకమంతా కళ్లు మూసుకుని నమ్ముతుంది. నమ్మనిది ఆయనొక్కరే.

ఆమె పనీ అదే. స్ఫటికంలో వెంట్రుక కంటే సన్నటి వేవ్‌గైడ్, అంటే వెలుగు నడిచే దారి, చెక్కి, ఒక కొస నుంచి కంటికి కనబడని పరారుణ కాంతిని పంపుతుంది. ఆ ఇరుకులో కిక్కిరిసి నడిచిన కాంతిలో కొంత రెండో కొస దగ్గర ఆకుపచ్చగా మారి బయటికొస్తుంది. ఇంతవరకు ఎవరికీ రానంత ఆకుపచ్చ ఆమెకి వచ్చింది. ఎగిరి గంతేసి వెళ్లి చెబితే మాస్టారు తలెత్తకుండా అడిగారు.

"సగం చేసి చూశావా?"

ఇది ఆయన తారకమంత్రం. లోపలికి పంపే వెలుగు సగం చేస్తే, ఈ రకం ఆకుపచ్చ సగం కాకూడదు, పావు కావాలి. అయితేనే అసలు సరుకు. ఈ మంత్రం పంచదార మీద కూడా ప్రయోగించి, "టీలో తీపి సగమైందా, పావైందా?" అని అడిగి, భార్య చేత ఓ పూటంతా మౌనవ్రతం పట్టించిన ఘనత ఆయనది.

"చూశాను సార్. వంద కాస్తా ఇరవై ఎనిమిదైంది."

"పావంటే ఇరవై అయిదు."

"దాదాపు పావే కద సార్."

"దాదాపు అనేది చుట్టరికాలకి పనికొస్తుంది తల్లీ, కొలతలకి కాదు."

అంతే, వ్యాసం బల్ల మీదే ఉండిపోయింది.

ఇక అనుమానం ఆమెకి పట్టుకుంది. మధ్యాహ్నం గంటసేపు ఆమె ఎదురు భవనంలోని క్రెష్‌కి వెళ్లి పాపకి పాలిచ్చి వస్తుంది. వచ్చేసరికి రోజూ ఏదో తేడా. ఓ స్క్రూ అరచుట్టు తిరిగి ఉంటుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంటుంది. భర్తకి చెబితే ఆయన మంటలో నెయ్యి పోశాడు.

"నీ పేరు తీసేసి తన పేరు పెట్టుకుంటాడేమో చూసుకో."

"ఛ, ఆయన అలాంటివారు కాదు."

"కాదని ఎన్నిసార్లు కొలిచావు?"

బుధవారం ఆమె పావుగంట ముందే వచ్చేసింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల దీపాల్లేవు. ఆమె పరికరం మీద నల్లగుడ్డ, ఆ గుడ్డ కింద మాస్టారు.

"ఏం చేస్తున్నారు సార్?"

"దొంగని పడుతున్నా. చీకటి లెక్క ఎలా తీశావు నువ్వు?"

"లేజర్ ఆపేసి కొలిచాను. వచ్చిన అంకె తీసేశాను."

"లేజర్ ఆపితే దొంగ కూడా పడుకుంటాడు. లేజర్ వెలుగుతుండగా దారి మూసి కొలవాలి. ఇలా రా."

స్ఫటికం ముందు నల్ల అట్టముక్క పెట్టారు. మీటరు సున్నా చూపించాలి. నాలుగు చూపించింది. లేజర్ పెట్టె లోపల పరారుణాన్ని పుట్టించేది కూడా ఆకుపచ్చ కాంతే. అది మూత సందులోంచి తప్పించుకుని, గోడకి తగిలి, తిన్నగా ఆమె డిటెక్టర్‌లో దూరుతోంది.

"అంటే అంతా పోయినట్టేనా సార్?"

"తీసివేతలు రావా నీకు? వందలో నాలుగు తీసెయ్. స్ఫటికంలోకి పంపేది సగం చేసినా దొంగ తగ్గడు, ఇరవై ఎనిమిదిలోనూ నాలుగే తీసెయ్."

తొంభై ఆరు. ఇరవై నాలుగు. పిసరు తేడా లేకుండా పావు.

ఆయన నోటుపుస్తకం పక్కనే తెరిచి ఉంది. అయిదు వారాల తేదీలు. 'అమ్మాయి కొలత', 'నా కొలత' అని రెండు వరసలు. అన్నీ మధ్యాహ్నం గంటలోవే.

"నాకో మాట చెప్పొచ్చు కద సార్. మీరు నా పని కాజేస్తున్నారనుకున్నాను."

"మంచి అనుమానమే. చెబితే నువ్వు పాప దగ్గరికి వెళ్లడం మానేసి నా నెత్తిన కూర్చుంటావు. పిల్లకి ఆకలి వేళ తప్పించి తెచ్చే అంకె నాకొద్దు."

శుక్రవారం కమిటీలో పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న, లేజర్ ఆకుపచ్చ లీకైందేమో చూశారా అని. ఆమె దిద్దిన లెక్క ముందుకు జరిపింది. దాని కింద మాస్టారి ఉత్తరం ఉంది: 'ఈ ఫలితాన్ని అయిదు వారాలు అనుమానించాను. ఇక నా వల్ల కావడం లేదు.' పెద్దాయన అది రెండుసార్లు చదివారు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. మూడేళ్లు ఖాయం.

కృతజ్ఞతలు చెబుదామని వెళితే ఆమె మొహం చూసి మాస్టారు, "ఇంకేం అనుమానం?" అన్నారు.

"పాప ఒళ్లు వెచ్చగా అనిపిస్తోంది సార్. పొద్దుట్నుంచి అయిదుసార్లు థర్మామీటరు పెట్టాను."

"ఒకే చెయ్యి అయిదుసార్లు కొలిస్తే అది ఒక్క కొలతే తల్లీ. నీ అంకె చెప్పకుండా ఇంకో చేత్తో కొలిపించు. రెండూ కలిశాయా, ఆపైన అనుమానించే హక్కు నీకు లేదు. వెళ్లి అన్నం తిను."

ఇప్పుడు ఆమె థర్మామీటరు ఒక్కసారే పెట్టి, తన అంకె చెప్పకుండా భర్త చేతికిస్తుంది. ఆయనా పెట్టి చూసి అంకె చెబుతాడు. కలిస్తే, వెళ్లి అన్నం తింటుంది.