షార్జాలో మిరుగం

మా బావ గండయ్యకు చేపల విషయంలో ఎవరి మాటా చెవికెక్కదు. షామీర్‌పేట చెరువులో థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వల వేస్తూ పెరిగిన మనిషి. నీళ్ళ మీద బుడగ లేస్తే కింద ఉన్నది రవ్వో బొచ్చెనో చెప్పేస్తాడు. తప్పయితే ఒప్పుకోడు, చెప్పాక వేరే చేప వచ్చిందంటాడు. మా అక్క యాదవ్వను ఆయనకిచ్చి చేసినప్పటి నుంచి మా ఇంట్లో చేపల కూర వండిన ప్రతిసారీ ఏదో ఒక పేచీ ఉంటూనే ఉంది. అలాంటి మనిషిని షార్జాకు రప్పించి నెత్తిన పెట్టుకున్నది నేనే. నా పేరు జైపాల్, మాది తూంకుంట. షార్జాలో ఫ్రీజర్లు, ఏసీలు బాగుచేస్తుంటాను.

ఆయన రావడానికి కారణం కూతురు భవిత. మేడ్చల్‌లో నర్సింగ్‌లో చేరింది. చెరువు మీద వచ్చేదానితో ఇల్లు గడుస్తుంది గానీ చదువు గడవదు. "పిల్ల చదువు అయ్యేదాంక ఏదన్న పని జూడు బామ్మర్దీ" అని ఫోన్ చేశాడు. తెలిసిన ఏజెంటు ఒకడు చేపలు పట్టే వీసా ఉందన్నాడు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం. ఆ చేపలు పట్టాలంటే సముద్రం మీదికి పోవాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మొదటి రోజే లాంచీలో పడి పేగులు బయటికొచ్చేలా కక్కాడు. వారం గడిచినా అదే తంతు. ఒడ్డుకొచ్చాక నా గదిలో చాప మీద వాలిపోయి, "చెర్ల ఎటు జూసినా ఒడ్డు కనవడ్తది. గీడ ఒడ్డే లేదు. మనిషి దేన్ని జూస్కొని ధైర్యం జెయ్యాలె?" అని నన్నే నిలదీశాడు, ఒడ్డును నేనే దాచిపెట్టినట్టు. లాంచీ యజమాని ఓ దండం పెట్టి వదిలేశాడు.

అప్పుడు హంసా కోయాను బతిమాలుకున్నాను. కేరళ మనిషి, మాట తక్కువ. ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయనకు చేపల దుకాణం ఉంది, అందులో ఫ్రీజర్లు చూసేది నేనే. నా మొహం చూసి బావను చేపలు కోసే పనిలో పెట్టుకున్నాడు. వీసా కూడా తన దుకాణం మీదికి మార్పించాడు.

కత్తి పడితే బావకు తిరుగులేదు. చిక్కంతా నోటితోనే వచ్చింది. ఎవరైనా వచ్చి హమూర్ చేప అడిగితే, ఉప్పునీళ్ళలో పెరిగినదానికి రుచేముంటుందని మన హైదరాబాదీ హిందీలో మొహం మీదే అనేవాడు. కింగ్‌ఫిష్ కొనబోయిన ఒక పెద్దమనిషిని ఆపి, దీనికంటే ఇంట్లో పప్పు వండుకోవడం నయమని సలహా ఇచ్చాడు. ఆ పెద్దమనిషి పప్పే వండుకున్నాడేమో, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మే నెలాఖరులో కోయా నన్ను పక్కకు పిలిచాడు. "మీ బావ మంచివాడే. కానీ నా దుకాణంలో నిలబడి నా చేపలనే తిడుతున్నాడు. జూన్ ఆఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత వీసా రద్దు చేసి పంపించేస్తాను" అన్నాడు.

ఆ మాట బావకు చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పక తప్పలేదు. భవిత చదువు ఇంకా మొదటి ఏడే. మా ఆయన షార్జా పోయిండని అక్క ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోతాడు? ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

తెల్లారి నేరుగా కోయా ముందుకెళ్ళి నిలబడ్డాడు. మిరుగం వస్తోంది, పది పెట్టెల మంచినీటి చేపలు తెప్పించమన్నాడు. మిరుగమంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఎండలు తగ్గి వానలు దిగే ఆ రోజున, మా వైపు నీసు తినే ఇల్లు ఏదైనా సరే, పొయ్యి మీద చేపల కూర ఉడకాల్సిందే. కోయాకు ఇది అంతుపట్టలేదు. ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకున్నారు, నేను మన భాషలో చెబుతున్నాను.

"పండగా?" అన్నాడు కోయా.

"కాదు సేఠ్."

"గుడికి పోతారా?"

"పోరు. తింటరు, గంతే."

"తినమని ఎవరు చెప్పారు?"

బావ తల గోక్కున్నాడు. "ఒకలు జెప్తె తినుడేంది సేఠ్? మిరుగం గదా, తినాలె."

కోయా గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. బావ ఇక ఆగలేక, ఒక్క పెట్టె మిగిలినా తెల్లారే తన వీసా రద్దు చెయ్యమన్నాడు. కోయా సరేనన్నాడు. బయటికొచ్చాక, "నీకేమన్న పిచ్చి లేసిందా బావా?" అని అరిచాను.

"మిరుగం నాడు చేపలు మిగిలింది నువ్వెన్నడన్న జూసినవా?" అన్నాడు.

నిజమే, నేనెప్పుడూ చూడలేదు.

మిరుగం సోమవారం పడింది. బావ పొద్దున్నే కత్తులు నూరి, ఉతికిన చొక్కా వేసుకుని సిద్ధమయ్యాడు. రవ్వలు, బొచ్చెలు, కొర్రమట్టలు మంచు మీద బారులు తీర్చాడు. కొర్రమట్ట జిగురు పోవాలంటే బూడిదతో తోమాలి. షార్జాలో బూడిద ఎక్కడ తెచ్చేది, అందుకని కల్లుప్పు దగ్గర పెట్టుకున్నాడు. మా దగ్గరైతే ఆ రోజు పొద్దు పొడిచేసరికి చెరువు కట్ట మీద కాలు పెట్టడానికి చోటుండదు. ఇక్కడ ఎండెక్కుతున్నా ఒక్క తెలుగు మొహం కనిపించలేదు. ఒక ఈజిప్టు ఆయన వచ్చి రొయ్యలున్నాయా అని అడిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కోయా కౌంటరు దగ్గర అమ్ముడుపోని చేపల వైపే చూస్తూ కూర్చున్నాడు. బావ చేపల మీద మంచు సర్దుతున్నాడు, సర్దినదే మళ్ళీ సర్దుతున్నాడు.

"గీ ఊర్ల మనోళ్లే లేరా బామ్మర్దీ?" అన్నాడు. గొంతులో ఎప్పటి జోరు లేదు.

అప్పుడు వెలిగింది నాకు. "బావా, ఇయాల సోమారం. అందరు డ్యూటీల మీదున్నరు. కంపెనీ బస్సులు వాపస్ వచ్చేటాల్లకు పొద్దు గూకుతది."

"గీ ముచ్చట మొన్ననే జెప్పద్దా?"

"నాకు తట్టలే బావా."

ఊళ్ళో మిరుగం నాడు చేపల పని చూసుకున్నాకే మిగతా పనులు. ఇన్నేళ్ళు షార్జాలో ఉండి కూడా నేను షామీర్‌పేట లెక్కే వేశాను. సాయంత్రం ఒళ్ళు హూనమై దిగినవాళ్ళు గదికి పోయి ఏదో ఒకటి వండుకుని పడుకుంటారు. ఇవాళ మిరుగమని వాళ్ళకు గుర్తుచేసేదెవరు?

బావ చేతులు కడుక్కుని వచ్చాడు. "నీ ఫోన్ల మనోళ్ల గ్రూపులు మస్తున్నయి గదా, తియ్యి. నేను మాట్లాడ్త" అన్నాడు. నేను వాట్సాప్ తెరిచి నోటి దగ్గర పెట్టాను.

"షామీర్‌పేట గండయ్యను మాట్లాడుతున్న. ఇయాల మిరుగం, యాదికున్నదా? కొర్రమట్టలు తెప్పించిన. మీ అవ్వ ఎట్ల కోస్తదో అట్లనే కోసిస్త, తలకాయ పారేసేది లేదు. డ్యూటీ దిగంగనే రాండ్రి. మీరు రాకపోతె నేను ఇంటికి పోవుడే. ఇగ మీ ఇష్టం."

దాని వెనకే నేను దుకాణం ఎక్కడుందో గుర్తులు చెప్పాను. ఆ గొంతు ఎన్ని గ్రూపులు తిరిగిందో గానీ కాసేపటికే షామీర్‌పేట నుంచి అక్క ఫోన్ చేసింది.

"మీ బావ గొంతు గీడ అందరి ఫోన్లల్ల మోగుతాంది. గాడ గూడ చేపలే కోస్తుండా? గా మాత్రం దానికి ఇమానం ఎక్కుడెందుకురా, మన కట్ట మీద జాగ లేదా?" అని దులిపేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంటికి పోవుడే అంటుండు. ఏమైందిరా తమ్మీ?" అని అడిగింది.

ఏమీ కాలేదక్కా, ఊరికే అన్నాడని అబద్ధమాడాను.

పొద్దు గూకాక మొదటి బస్సు వచ్చింది. హెల్మెట్లు చంకన పెట్టుకుని, బట్టల నిండా సిమెంటుతో నలుగురు దిగి, "గండయ్య ఎవలు?" అన్నారు. గండిమైసమ్మ దగ్గరి వాళ్ళు. వాళ్ళ వెనక గజ్వేల్ వాళ్ళు, ఆ వెనక కామారెడ్డి వాళ్ళు. లాల్‌గడి మలక్‌పేట్ ఆతిఫ్ ఇక్కడ క్రేన్ నడుపుతాడు. వస్తూనే, "గండన్నా, చేపలు తిన్నవా అని మా అమ్మీ పొద్దుగాల నుంచి ఒకటే ఫోన్లు. పరేషాన్ జేస్తాంది. జల్దీ కొట్టు" అన్నాడు. చూస్తుండగానే లైను పక్కనున్న మందుల షాపు దాటిపోయింది.

బావ ఒళ్ళు మరిచిపోయి కోశాడు. ప్రతివాడినీ ఏ ఊరని అడిగాడు, కొర్రమట్టలో టమాట వేస్తానన్నవాడితో గొడవ పెట్టుకున్నాడు. నేను తూకం వేశాను. కోయా లేచి వచ్చి తనే సంచులు కట్టాడు. ఆయన మొహాన నవ్వు చూడడం నాకదే మొదటిసారి.

చివరికి ఒక్క కొర్రమట్ట మిగిలింది. అది బావ తన కోసం పక్కన పెట్టుకున్నది. చిన్నప్పటి నుంచి ఏ మిరుగమూ చేప ముక్క తినకుండా గడపలేదాయన. అంతలో తల నెరిసిన మేస్త్రీ ఒకాయన రొప్పుతూ వచ్చాడు. బస్సు తప్పిపోయి నడిచి వచ్చాడట. ఖాళీ మంచును చూసి వెనక్కి తిరిగాడు.

"ఓ పెద్దమనిషీ, ఆగరాదు" అని బావ పిలిచాడు. ఆ చేపను ఉప్పుతో తోమి, ముక్కలు కొట్టి చేతిలో పెట్టాడు.

అందరూ వెళ్ళిపోయాక ఖాళీ పెట్టె ఒకటి బోర్లించుకుని కూలబడ్డాడు. కోయా పక్క హోటల్ నుంచి అన్నం, చేపల కూర తెప్పించి మా ముందు పెట్టాడు. సముద్రపు చేప. ఈయన ఇప్పుడేం నోరు పారేసుకుంటాడోనని నాకు భయం పట్టుకుంది. బావ ముక్కను కళ్ళకద్దుకుని తిన్నాడు.

కోయా ఎదురుగా నిలబడి, "వచ్చే ఏడు మిరుగం ఏ తారీఖున?" అని అడిగాడు. "పది పెట్టెలు చాలవు. ముందే చెప్పు నాకు."

బావ చేయి పళ్ళెంలోనే ఆగిపోయింది. లాంచీలో వారం రోజులు కక్కినప్పుడు కూడా ఆయన కంట నీళ్ళు చూడలేదు నేను. ఇప్పుడు మొహం పక్కకు తిప్పుకుని భుజంతో తుడుచుకున్నాడు.

"మీ అక్కకు ఫోన్ కలుపు" అన్నాడు.

"ఏం జెప్పాలె బావా?"

"మిరుగం చేపలు తిన్నడని చెప్పు. ఇప్పట్ల ఇంటికి వచ్చేది లేదని గూడ చెప్పు."