మిర్చి గోదాములో విలన్

గుండె జబ్బున్నవాళ్లు ఇక్కడే ఆగిపోండి. ఇది మా ఉస్మాన్‌గంజ్ మిర్చి దుకాణంలో పట్టపగలు పోయిన నా ప్రాణం, మళ్లీ తీరిగ్గా తిరిగొచ్చిన కథ.

చిన్నప్పటి నుంచీ వీడియో గేములే నా లోకం. విలన్ ఎంతటివాడో వాడి సంగీతమే చెబుతుందన్నది నా సిద్ధాంతం. డప్పులు మోగించుకుంటూ వచ్చేవాడు ఉత్త గల్లీ రౌడీ. అసలైన విలన్ వస్తుంటే సన్నటి మూలుగు, ఈడ్చుకొచ్చే గొలుసు చప్పుడు, అంతే. "కండ్లు మూసుకోని ఇన్నా సరే, విలన్ ఎవడో చెప్పేస్త" అని మా హమాలీ యాదన్న దగ్గర రోజూ కోతలు కోసేవాణ్ని. పాపం ఆయన మూటలు మోస్తూనే తలూపేవాడు.

ఈ పిచ్చితో బాపు విసిగిపోయాడు. ఒకరోజు దబీర్‌పురా వెళ్తూ, "ఇయ్యాల దుకాణం నీదే. లొల్లి గాకుండ నడిపితివా, ఇంట్ల టీవీకి పెట్టిన నీ ఆట డబ్బా జోలికి రాను. లేకుంటే జుమేరాత్ బజార్ల పాత సామాన్ల కింద అమ్మేస్త" అన్నాడు.

నడపడమంటే ఏముంది, గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమే కదా. మధ్యాహ్నం బేరాల్లేవు, కరెంటూ లేదు. ఫోన్లో కొత్త ఆట తెరిచాను. శబ్దం రాలేదు. పోనీలే అని ఆడుతూనే ఉన్నాను.

వెనక గోదాములోంచి యాదన్న చెమటలు కక్కుతూ వచ్చాడు.

"చిన్న సేటూ, లోపట ఎవరో ఆడమనిషి మూల్గుతున్నది."

"పిల్లి గావచ్చు యాదన్నా."

"పిల్లి గొలుసు గుంజుకుంట తిరుగుతదా?"

చెవులు రిక్కించాను. నిజమే, గొలుసే. ఆట ఆపకుండానే ఫోను జేబులో పడేసి, "నువ్వు ముంగట నడు" అన్నాను. "సేటు నువ్వా, నేనా?" అన్నాడాయన. చేసేది లేక నేనే చీకట్లోకి అడుగుపెట్టాను. అడుగు వేసినకొద్దీ మూలుగు పెరిగింది. ఉన్నట్టుండి ఎవరో పగలబడి నవ్వారు.

బాపుకు ఫోన్ చేసి చెవికి ఆనించాను. ఫోన్లో ఉలుకూ పలుకూ లేదు. మూటల వెనక చీకట్లోంచి మాత్రం బాపు గొంతు వచ్చింది.

"ఏందిరా?"

యాదన్న నా చొక్కా పట్టుకున్నాడు.

"బాపూ, నువ్వు యాడున్నవ్?"

"దబీర్‌పురల. సక్కగ ఇనపడ్తలేదు. జర దగ్గరకొచ్చి మాట్లాడు."

బాపు గొంతుతో దయ్యం పిలుస్తుంటే మీరైతే వెళ్తారా? వెనక్కి తిరిగి మిర్చి మూట మీద పడ్డాను, లేచాను, దుకాణం బార్లా వదిలేసి తుమ్ముకుంటూ అఫ్జల్‌గంజ్ దాకా ఉరికాను. వెనకే యాదన్న తుమ్ములు వినబడుతుంటే అదొక్కటే ధైర్యం.

సాయంత్రం భయపడుతూ తిరిగొచ్చేసరికి బాపు గల్లా ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో, పొద్దున్నే భజనలు పెట్టుకునే బ్లూటూత్ స్పీకరు. పండక్కి దాన్ని నా ఫోనుకు కలిపింది నేనే. దాన్ని ఆపకుండా గోదాములో మూటల వెనక మరిచిపోయింది బాపు. నేను ఫోను జేబులో పడేయగానే ఆటలో హీరో దిక్కులేక నిలబడిపోయాడు. విలన్ తాపీగా వచ్చి వాణ్ని చంపి నవ్వుకున్నాడు. మూలుగు, గొలుసు, నవ్వు, బాపు మాట, అన్నీ ఆ స్పీకరులోంచే.

"కండ్లు మూసుకోని చెప్తనంటివి గద" అన్నాడు యాదన్న మెల్లగా.

"ఆ విలన్‌గాని సంగతి ఇడిసిపెట్టు" అన్నాడు బాపు. "కన్నతండ్రి గొంతు గూడ గుర్తువట్టకపోతివారా?"

"గుర్తువట్టిన బాపూ. గందుకే ఉరికిన."

ఆ గురువారమే నా ఆట డబ్బా పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజారుకు చేరింది.

అందుకే మిర్చి మూట మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో విలన్ల మీద మళ్లీ సిద్ధాంతాలు చెప్పను. బాపు దగ్గరకు రమ్మంటే మాత్రం, ముందు ఆయన పాదాలు ముందుకే తిరిగి ఉన్నాయో లేదో చూసుకునే వెళ్తాను.