ఆకలి లేని ఒక్కపొద్దులు

2023 మార్చి. హనుమకొండలోని ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. తొర్రూరు దగ్గరి పల్లె నుంచి శౌరీలమ్మ నడుము నొప్పితో వచ్చింది. వెంట ఆమె ఆడబిడ్డ లూర్దమ్మ. డాక్టర్ రాసింది నడుము ఎక్స్‌రే ఒక్కటే.

టేబుల్ ఎక్కించే ముందు నేను అడిగేవి మూడు: ఒంటి మీద లోహం ఉందా, ఆపరేషన్లు అయ్యాయా, వెల్లకిలా పడుకోగలరా. తరువాత లంగా నాడా వదులు చేసుకోమన్నాను.

“బిగుసుకపోయింది బిడ్డా. నాడా సాల్తలేదు.”

లూర్దమ్మ నవ్వింది. “ఈస్టర్ ఒక్కపొద్దులుండి పొట్ట పెంచినోళ్లను నిన్నే చూసిన వదినా! మాకు తెల్వకుండ దాసుకొని తింటున్నవా ఏంది?”

“ఏం తింట? రెండు ముద్దలకే కడుపు నిండుతాంది. దేవుని దయ, ఈయేడు ఆకలే అయితలేదు.”

నేనూ నవ్వాను. కానీ పడుకోబెడుతుంటే ఆమె గాజులు మోచేతి దాకా జారాయి. చేతులు అంత సన్నం. పొట్ట మాత్రం గట్టిగా, ఎత్తుగా ఉంది.

ఎక్స్‌రే ఆపి, రేడియాలజిస్ట్ మేడంకు ఆ మాటలు ఉన్నదున్నట్టు చెప్పాను. శౌరీలమ్మను మా దగ్గరికి పంపిన డాక్టర్‌తో మేడం ఫోన్‌లో మాట్లాడి అల్ట్రాసౌండ్ చేశారు. కుడి అండాశయం నుంచి పెద్ద గడ్డ.

గర్భాశయానికి ఇరుపక్కలా ఉండే అండాశయాలు, ఫాలోపియన్ ట్యూబులు, వాటిని పట్టి ఉంచే కణజాలం, అన్నీ కలిపి అడ్నెక్సా. అక్కడ పుట్టే గడ్డలే అడ్నెక్సల్ ట్యూమర్లు. చాలావరకు హాని చేయనివే, కొన్ని క్యాన్సర్. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తాయి, తరచుగా కారణమే తెలియదు. లక్షణాలు గ్యాస్ లాంటి మామూలు బాధల్లాగే అనిపిస్తాయి: ఉబ్బరం, త్వరగా కడుపు నిండడం, మాటిమాటికీ మూత్రం, నడుము నొప్పి.

వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లమన్నారు మేడం.

“పండుగ అయినంక పోత మేడం. ఒక్కపొద్దులు నడిమిట్ల ఇడ్సద్దు.”

“ఆకలైనా ఆపుకుంటేనే కదమ్మా ఒక్కపొద్దు?” అన్నారు మేడం. “ నీ ఆకలిని ఈ గడ్డ చంపుతాంది. లోపల గడ్డ మెలికపడితే పండుగ దాకా ఆగదు. క్యాన్సర్ అయితే అసలే ఆగదు.”

శౌరీలమ్మ లేచి కూర్చుని లంగా నాడా ముడేసుకుంది. “అంటే ఈయేడు నేను దేవునికిచ్చింది ఏం లేదన్నట్టేనా?”

లూర్దమ్మ ఈసారి నవ్వలేదు. “మిగిలినయి నీ బదులు నేనుంట. నువ్వు నడువు వదినా.”

ఎంఆర్ఐ, సీఏ-125 అనే రక్త పరీక్ష, ఆపైన ఆపరేషన్. గడ్డ పగిలితే కణాలు కడుపులో పాకవచ్చు కాబట్టి అండాశయంతో సహా చెక్కు చెదరకుండా తీశారు. బయాప్సీలో బోర్డర్‌లైన్ అని వచ్చింది. అంటే క్యాన్సర్ కాదు, పూర్తిగా మామూలు గడ్డా కాదు. ఏళ్ల తరబడి స్కాన్లతో కనిపెట్టుకోవాలి.

మరుసటి ఏడు మళ్లీ ఒక్కపొద్దుల రోజుల్లోనే ఫాలో-అప్ స్కాన్‌కు వచ్చింది. మనిషి నిండుగా ఉంది. ఆమె నేర్పిన నాలుగో ప్రశ్న ఇప్పుడు నేను అందరినీ అడుగుతున్నాను. ఆమెనూ అడిగాను.

“రెండు ముద్దలకే కడుపు నిండుతోందా అమ్మా?”

“ఏడ నిండుతాంది కొడుకా! పొద్దుగూకే దాకా ఆకలితోటి సస్తున్న,” అంది ముఖమంతా వెలుగుతుండగా. “ఇగో, ఇయి ఒక్కపొద్దులంటే.”